మా షుగరు, సారు జీతం

డాక్టరు సారు పోయాడని ఆశా వర్కరు సరిత వచ్చి చెప్పినప్పుడు నేను కొట్లో చింతపండు తూస్తున్నాను.

"అవ్వా, మన పాత సారు లేడట. పొద్దుగాల గుండె ఆగిపోయిందట" అన్నది. ఏ సారు అని నేను అడగలేదు. మా వాడ దవాఖానకు చాలామంది డాక్టర్లు వచ్చారు, పోయారు. పాత సారంటే మాకు ఒక్కడే. ఎదురుగా నిలబడ్డ గిరాకీకి చింతపండు కట్టి ఇచ్చి, చిల్లర సరిచూసి పంపించాను. ఆ తర్వాత బియ్యం బస్తా మీద కూర్చుండిపోయాను. లేవబుద్ధి కాలేదు. సరిత కూడా వెళ్లకుండా గడప మీద కూర్చున్నది.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నప్పుడు ఎవరైనా పేరు పెట్టి పొగిడితే ఏదో పని ఉన్నట్టు లేచి అవతలికి పోయేవాడు. ఎక్కడ పుట్టాడో, ఎక్కడ చదివాడో నాకు సరిగా తెలియదు. ములుగు అవతల అడవి ఊళ్లలో సర్కారు కొలువు చేసి, రిటైరై, మళ్లీ కాంట్రాక్టు మీద వరంగల్‌లో మా వాడకు వచ్చాడని మాత్రం తెలుసు. నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని. పెద్ద మాటలు నాకు రావు. నేను చూసిన మనిషిని చూసినట్టు రాస్తాను.

సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. చెప్పులు ఎన్నిసార్లు కుట్టించాడో, పాత తోలు ఏదో కొత్త తోలు ఏదో తెలిసేది కాదు. నాకు ఆ చెప్పులు చూడగానే ఆయన మీద గురి కుదిరింది. పొద్దున్నే వచ్చి, తన గదిలో ఫ్యాను వేసుకోకముందే వరండాలో మేము కూర్చునే చోట ఫ్యాను వేసేవాడు. స్టెతస్కోపును అరచేతిలో పెట్టుకుని కాసేపు వెచ్చబరిచేవాడు. ముసలివాళ్ల వీపుకు చల్లటి ఇనుము తగిలితే ఉలిక్కిపడతారని. సూదిమందు వెయ్యమని ఎవరైనా బతిమాలితే, "సూది నాకెయ్యి తల్లీ, మీ లొల్లికి నా తల పగులుతాంది" అనేవాడు. మందు రాయకుండా పంపించిన రోజు కూడా మనిషికి ఏదో దొరికినట్టే ఉండేది.

మా ఆడవాళ్లను ఎక్కువగా ఆయన అక్కా అనే పిలిచేవాడు. మాకు ఇబ్బందల్లా మా కాళ్లతోనే వచ్చింది. షుగరు ఉన్నవాళ్లు ఎప్పుడు వెళ్లినా ముందు కాళ్లు చూపించమనేవాడు. డాక్టరు చేత కాళ్లు పట్టించుకోవడమేమిటని మేము పాదాలను చీరె కుచ్చిళ్ల కిందికి లాక్కునేవాళ్లం.

"మొఖాలు చూస్తే మీరందరు మహాలక్ష్ములే. కాళ్లు చూస్తేనే అసలు సంగతి తెలుస్తది. ఇటు పెట్టుండ్రి" అని స్టూలు ముందుకు జరిపేవాడు. కళ్లు మూసుకోమని, దూది పోగుతో వేళ్ల మీద తాకి, "తగిలిందా?" అని అడిగేవాడు. ఒక్కోసారి తాకకుండానే అడిగేవాడు. "తగిలింది సారూ" అని మేము గట్టిగా చెప్పేవాళ్లం. "నేనింక ముట్టనే లేదక్కా, గప్పుడే తగిలిందా?" అని నవ్వేవాడు. వరండా అంతా నవ్వేది.

ఇంకో అలవాటు ఉండేది. ఏం తిన్నారో మమ్మల్ని అడిగి, నిజమో కాదో పక్కవాళ్లను అడిగేవాడు. ఒకసారి నన్ను అడిగితే రెండు జొన్నరొట్టెలని చెప్పాను. ఆయన వెంటనే నా వెనక నిలబడ్డ కూరగాయల చంద్రమ్మ వైపు తిరిగాడు. చంద్రమ్మది మా పక్క ఇల్లు.

"ఏం చంద్రమ్మా, నిజమేనా?"

"జొన్నరొట్టెలా! మనుమరాలి బర్త్‌డే కేకు మిగిలితే ఇంత ముక్క తిన్నది సారూ. నేను సూడంగనే."

"మిగిలింది పారేస్తరా?" అన్నాను నేను.

"గట్లయితే నీ కడుపేమన్న చెత్తబుట్టనా అక్కా?" అన్నాడు ఆయన. కొంచెంసేపు నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నీకు షుగరు తిండితోని రాలే. పొదుపుతోని వచ్చింది. పిల్లల పళ్లెంల మిగిలిన అన్నం, అడుగు మాడిన పాయసం, సాయంత్రం అమ్ముడుపోని మిఠాయి, అన్నీ నువ్వే తినబడితివి. పారెయ్యమంటే నువ్వు పారెయ్యవు. ఇగ ఒక్కటే పని చెయ్యి. మిగలకుంట వండు."

అంతకుముందు ఏ డాక్టరైనా తినకు తినకు అని చెప్పినవాడే కానీ, నేను ఎందుకు తింటున్నానో చూసినవాడు లేడు.

అట్లాంటి రోజుల్లో సరిత ఒక సాయంత్రం కొట్టు దగ్గరికి వచ్చి కొత్త సంగతి చెప్పింది. చంద్రమ్మ, ఇంకా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అక్కడే ఉన్నారు.

"ఇగ నుంచి సారుకు జీతం మొత్తం ఒక్కతీరుగ రాదట అవ్వా. కొంత ముక్క పక్కకు పెడ్తరట. మన వాడల ఎంతమందికి బీపీ దిగింది, ఎంతమందికి షుగరు దిగింది అని మూణ్నెల్లకోసారి చూసి మార్కులేస్తరు. మంచిగొస్తెనే ఆ ముక్క ఇస్తరు. మరీ తక్కువొస్తె కాంట్రాక్టు మళ్ల ఇయ్యరట."

"మంచిదే గదా. పని చేసినోనికే పైసలు" అన్నాను. నిజంగానే నాకది న్యాయమనిపించింది. నా కొట్లో మూటలు దించే మనిషికైనా దించినన్ని మూటలకే కదా కూలి.

చంద్రమ్మ చెయ్యి తిప్పింది. "మూటంటే దించితే దిగుతది. నీ షుగరు దిగుతదా? కేకు తిన్నది నువ్వాయె, కోసేది సారు జీతమాయె! రేపు గాయనను పంపిచ్చేస్తరు. తర్వాత వచ్చేటోడు మన కాళ్లు చూస్తడా, మన మొఖమన్న చూస్తడా?"

అందరి మనసులో ఉన్నది అదే. సారును పోగొట్టుకోవద్దు. అప్పటికప్పుడు చంద్రమ్మే ఉపాయం చెప్పింది. మార్కుల పరీక్షకు ముందురోజు ఎవరూ కడుపునిండా తినొద్దు. మజ్జిగ తాగి పడుకోవాలి. పొద్దున కాకరకాయ రసం తాగాలి. బీపీ వాళ్లు ఒకటికి రెండు గోలీలు వేసుకోవాలి. వాడంతా ఉపవాసం ఉన్నట్టే అయింది. దేవుడి కోసం కాకుండా డాక్టరు కోసం.

పరీక్ష రోజున సారు ఒక్కొక్కరి వేలు పొడిచి మిషను చూస్తున్నాడు, కనుబొమలు పైకి పోతున్నాయి. కొంతసేపటికి తన వేలే తాను పొడుచుకుని చూసుకున్నాడు.

"మిషను మంచిగనే ఉన్నది. మీకేమైంది? వాడంత ఒక్కపారి బుద్ధిమంతులైండ్రా?"

మేము గోడ వైపు చూస్తూ కూర్చున్నాం. ఇంతలోనే బెంచీ మీద ఉన్న చంద్రమ్మ చెమటలు కారుతూ పక్కకు ఒరిగిపోయింది. సారు పరుగెత్తుకుంటూ వచ్చి వేలు పొడిచి చూసి, చక్కెర తెప్పించి ఆమె చెంపలోపల రుద్దాడు. కాసేపటికి కళ్లు తెరిచిన చంద్రమ్మ, "దిగిందా సారూ?" అని అడిగింది.

"ఇంక జర దిగితే నువ్వు పైకి పోదువు!" అని అరిచాడు. ఆయన అరవగా మేము విన్నది అదొక్కసారే. సరిత ఏడుస్తూ సంగతంతా చెప్పేసింది. ఆయన వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"నా జీతం ఫికరు మీకెందుకక్కా?" అన్నాడు చివరికి. "మీరు నాకు అబద్ధం షుగరు చూపిస్తే నేను మీకు అబద్ధం మందు రాస్త. గది తెలుస్తలేదా? నన్ను ఉంచుకోవాలని మీరు సస్తరా?"

ఆ తర్వాత ఆయన మూడు నెలల షుగరును ఒక్కసారే బయటపెట్టే రక్తపరీక్ష చేయిస్తానన్నాడు. దానికి ముందురోజు ఉపవాసం పనిచేయదట. చంద్రమ్మ మరునాడే మా ఇంటికి వచ్చి, నీళ్లు నములుతూ మాట మొదలుపెట్టింది.

"ఏమనుకోకక్కా. నీ షుగరు కొండెక్కి కూసున్నది. నీది, ఇంకొందరిది కలిస్తే సారు మార్కులు మొత్తం పోతయి. జర కొన్నొద్దులు నువ్వు దవాఖాన దిక్కు రాకు. నీ మీద కోపం గాదు, సారు బాగుకే చెప్తాన్న."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. లెక్క సరిగానే ఉన్నదనిపించింది. నాలాంటి వాళ్లం కొందరం దవాఖానకు వెళ్లడం మానుకున్నాం. ఉన్న గోలీలు త్వరగా అయిపోకూడదని సగానికి విరిచి వేసుకున్నాను. ఒకరోజు తూకం రాయి జారి కాలి బొటనవేలి మీద పడింది. నొప్పి పెద్దగా తెలియలేదు. పసుపు పెట్టి గుడ్డ చుట్టాను. దవాఖాన రెండు సందుల అవతలే ఉన్నది. వెళ్తే నా షుగరు ఆయన లెక్కలోకి ఎక్కుతుంది. వేలు రంగు మారుతున్నా వెళ్లలేదు.

ఒక మధ్యాహ్నం సారే కొట్టు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఒక బిస్కట్ పుడ ఇయ్యి."

ఇచ్చాను. డబ్బులిచ్చాడు. పోలేదు.

"దవాఖానకు వస్తలేవు?"

"మంచిగనే ఉన్న సారూ. హన్మకొండల ప్రైవేటు డాక్టరుకు చూపిచ్చుకుంటాన్న."

"ప్రైవేటుకా? పైసలు పెట్టి? నువ్వు?" అని ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. "అబద్ధమాడితే జర నమ్మేటట్టన్న ఆడాలె గదక్కా."

నాకూ నవ్వు వచ్చింది. నవ్వు ఆపుకునేలోపలే ఆయన ఖాళీ నూనె డబ్బా బోర్లించుకుని కూర్చుని, "కాలు ఇటు పెట్టు" అన్నాడు. గుడ్డ విప్పగానే ఆయన నవ్వు ఆగిపోయింది. నా కోడలిని కాచిన నీళ్లు తెమ్మన్నాడు. కొట్టు ముందు గిరాకీలు నిలబడి ఉన్నారు. నా కాలు ఆయన ఒళ్లో ఉన్నది.

"సారూ, లెవ్వుండ్రి. మంది చూస్తాండ్రు."

"చూడనీ. ఎన్నొద్దులైంది దెబ్బ తాకి?"

చెప్పాను. ఎందుకు రాలేదో కూడా చెప్పాను. ఆయన చీము కడుగుతూనే అన్నాడు.

"మంచిగున్నోళ్లే నా దగ్గరికొస్తే నేను పొద్దుందాక పేపర్ సదువుకుంట కూసోవాలె. ఈ పద్ధతి పెట్టినోళ్లు చెడ్డోళ్లు కాదక్కా. పనికి రాకుంటనే జీతం తీసుకునేటోళ్లను నేను చూసిన. వాళ్లకు మెడకాయ పట్టాలెనని పెట్టిండ్రు. కానీ నీ అసుంటోళ్లు ఇంట్ల కూసుంటే నా మార్కులు మంచిగైతయని వాళ్లకు తోచలే. తోచింది మీకు."

"మిమ్మల్ని పంపిస్తరట గద సారూ."

"పంపిస్తె పోత. నేను ఇంకో దవాఖానల దొరుకుత. ఈ వేలు ఇంకో దుకాణంల దొరుకుతదా?"

అప్పటి నుంచి రోజూ ఇంటికి పోయేముందు కొట్టు దగ్గర ఆగి కట్టు మార్చాడు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి కొన్నాడు. డబ్బులు వద్దంటే ఊరుకునేవాడు కాదు. నేనూ రెండోసారి వద్దనలేదు, దుకాణం దుకాణమే. నాలాగే మానుకున్న వాళ్ల ఇళ్లకు కూడా పోయి, తిట్టి, దవాఖానకు పట్టుకొచ్చాడు. మూడు నెలల పరీక్ష అందరికీ చేయించాడు. ఉన్నది ఉన్నట్టు లెక్కల్లో ఎక్కించాడు. నా వేలు నిలిచింది. ఆయన మార్కులు నిలవలేదు.

పై ఆఫీసు నుంచి ఒక చిన్న వయసు ఆఫీసరు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మర్యాదస్థుడే. "సార్, వీళ్లు మధ్యలో చాలా రోజులు రాలేదు కదా. రానివాళ్లుగా చూపించి తీసేయండి. మీ పర్సంటేజీ పెరుగుతుంది" అని నెమ్మదిగా చెప్పాడు. ఆయనకు సారును కొలువులో నిలబెట్టాలనే ఉన్నది.

"తీసెయ్యొచ్చు. ఈమె రోజు గీ తొవ్వలనే నడుస్తది. తీసేసినంక నేను ఈమె మొఖం ఎట్ల చూడాలె?" అన్నాడు సారు.

నేను నోరు ఆపుకోలేక, "బిడ్డా, తిన్నది మేము. కోసుడుంటే మా పింఛన్ల కొయ్యిండ్రి" అన్నాను. ఆఫీసరు తల వంచుకున్నాడు. సారు నన్ను కళ్లతోనే కసిరాడు.

జీతంలో ఆ ముక్క రాలేదు. తర్వాత కాంట్రాక్టు కూడా ఇవ్వలేదు. వెళ్లే రోజు వరండా నిండా మేమే ఉన్నాం. చంద్రమ్మ బోరున ఏడ్చింది. ఆయన సంచి భుజానికి తగిలించుకుంటూ, "ఏడ్వకు చంద్రమ్మా, బీపీ పెరుగుతది. కొత్త డాక్టరమ్మ జీతం కోస్తరు" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాం.

కొత్త డాక్టరమ్మ మంచి పిల్లే. గోలీలు ఆమె దగ్గరే తీసుకుంటాం. ఉన్నది ఉన్నట్టే ఆమెకు చెప్తాం. అయినా మా మనసు ఊరుకోలేదు. సారును ధర్మసాగర్ దవాఖానలో పెట్టుకున్నారని తెలిసింది. అక్కడికి డాక్టర్లు దొరకడం లేదట. ఒకరోజు చంద్రమ్మ వచ్చి, "అక్కా, ఆడోళ్లకు బస్సు ఉత్తదే గదా" అన్నది. ఖర్చు లేని దారి కాబట్టి నేను వెంటనే సరేనన్నాను.

మమ్మల్ని చూసి ఆయన తల పట్టుకున్నాడు. "ఇక్కడ గూడ మార్కులే ఉన్నయి, తెలుసా?" అన్నాడు. మాకు ఆ సంగతి తెలిసే వెళ్లాం. సరితను ముందే అడిగాను. మేము వరంగల్ వాళ్లం, ధర్మసాగర్ లెక్కలోకి రాము. మా షుగరు ఎక్కినా దిగినా ఆయన జీతానికి ఏమీ కాదు. అది చెప్పగానే ఆయన చాలాసేపు మమ్మల్నే చూశాడు. ఆ ఊరి వాళ్లందరినీ చూసి పంపించిన తర్వాత బయటికి వచ్చి, "వరంగల్ బ్యాచి రాండ్రి. మీకు మార్కుల్లేవు, ఉత్త తిట్లే" అని పిలిచాడు. ఆఫీసు మిషను మా మీద వాడలేదు. తన సంచిలోని సొంత మిషను తీశాడు.

అట్లా చాలాసార్లు వెళ్లాం. ప్రతిసారీ నాకు తిట్లే పడ్డాయి. ఇంట్లో మాత్రం నేను బియ్యం కొలిచే డబ్బా మార్చాను. చిన్నది పెట్టాను. అడిగినవాళ్లకు ఇంకొంచెం వండి పెట్టానే కానీ, గిన్నెలో మిగలనివ్వలేదు.

కిందటి నెలలో వెళ్లినప్పుడు సారు కొంచెం చిక్కినట్టు కనిపించాడు. అడిగితే ఎండలన్నాడు. నా వేలు పొడిచి మిషను వైపు చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏమన్న ఉపాసమున్నవా అక్కా? నిజం చెప్పు."

"లేదు సారూ. పొద్దుగాల ఇడ్లీలు తిన్న. చంద్రమ్మను అడుగుండ్రి."

"తిన్నది సారూ. నాకు గూడ పెట్టింది. పైసలు అడగలే" అన్నది చంద్రమ్మ తలుపు దగ్గర నుంచి.

ఆయనకు నా షుగరు అంత మంచిగా కనబడటం అదే మొదటిసారి. మా వాడలో ఉండగా ఒక్కసారి ఇట్లా వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

"రాసుకోండ్రి సారూ" అన్నాను.

"ఏడ రాయాలె? నువ్వు నా లెక్కల లేవు గద."

అంటూనే జేబులోని పెన్ను తీసి, ఎడమ అరచేతి మీద ఆ అంకెను పెద్దగా రాసుకున్నాడు. వరండాలోకి పోయి, కూర్చున్న మా ఆడవాళ్లలో ఒక్కొక్కరి ముఖం ముందు ఆ చెయ్యి పెట్టి, "చూడుండ్రి, మీ అక్క షుగరు" అని చూపించాడు. చదువు రాని వాళ్లకు చదివి వినిపించాడు.

మా బస్సు కదిలేటప్పుడు ఆయన గేటు దగ్గరికి వచ్చి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యే. అంత దూరం నుంచి అంకె నాకు కనబడలేదు. సిరా మాత్రం నీలంగా కనబడింది.